రెండో పొట్లం

మూడో షెడ్డు, కలిపే గది
జూన్ 9

మాస్టారికి నమస్కారాలు.

మీరు ఈ గది వదిలి వెళ్ళి పద్నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళలో రెండు కార్డు ముక్కలు తప్ప రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పని పడితేగాని గుర్తు రాలేదా అని మీరు అనరు, మీ అక్కయ్యగారు అంటారు. అననివ్వండి.

మన ఇటాలియన్ మిశ్రమం చెడింది మాస్టారూ. ఎండబెట్టి కలిపే ఆకులు అవే ఐదు: ఒరెగానో, బేసిల్, థైమ్, మార్జోరం, రోజ్‌మేరీ. పాళ్ళు మీరు గోడమీద రాసి, ఎవరూ చెరపకుండా గాజుపలక బిగించి వెళ్ళినవే. అయినా ఎక్కడో తేడా కొడుతోంది. హోటళ్ళకి సరుకు తీసుకునే వంటపెద్ద రెండు పెట్టెలు వెనక్కి పంపాడు. "టమాటా సాసులో తడిగుడ్డ పిండినట్టుంది" అని ఒక చీటీ కూడా అంటించాడు. నేను వండి చూశాను. ఆయన అబద్ధం చెప్పలేదు. విచిత్రమేమిటంటే ఏ ఆకుకి ఆ ఆకు విడిగా చూస్తే బాగానే ఉంటోంది. అన్నీ కలిపి డబ్బాలో పోసి మూత పెడితే మూడోనాటికి ఆ తడివాసన వస్తోంది.

నిన్న మేనేజరుగారు మన గదికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఆయన నిలబడి మాట్లాడితే మామూలు విషయం, కూర్చుంటే కాదని మీకు తెలుసు. "మాస్టారిని ఒక నెల పిలిపిద్దాం. ఆయన రానంటే కలిపిన సరుకు బయటినుంచే తెప్పించి పొట్లాలు కట్టుకుందాం. అప్పుడిక ఈ గది ఎందుకు?" అన్నారు. మెల్లగానే అన్నారు. మేం ఆరుగురం ఆడవాళ్ళం ఆ మాట విన్నాం. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ జల్లెడ పడుతున్న పెద్దమ్మ జల్లించడం ఆపి జల్లెడ కింద పెట్టేసింది.

ఒక్క నెల రండి. మీరు ఒక చెంచా నోట్లో పెట్టుకుంటే అరనిమిషంలో దొంగ దొరుకుతాడు. ఊరికే ముక్కు మాస్టారని పేరొచ్చిందా మీకు?

ఇట్లు,
తుమ్ము

(సంతకం చూసి నవ్వకండి. మొదటిరోజు ఆరబెట్టే గదిలో పదకొండుసార్లు తుమ్మానని మీరు పెట్టిన పేరే. ఐదేళ్ళు పిలిపించుకున్నాక అసలు పేరు పెడితే ఎవరిదో ఉత్తరం అనుకుంటారు.)


అక్కయ్య ఇల్లు, మేడమీది గది
జూన్ 17

తుమ్ముకి ఆశీస్సులు.

నువ్వన్నట్టే అక్కయ్య ఆ మాటే అంది, అక్షరం పొల్లు పోకుండా.

నేను రాలేనమ్మా. మోకాలు సహకరించడం లేదు, మెట్లు దిగాలంటే రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాలి. పైగా అక్కయ్యకి డాక్టరు ఉప్పు మాన్పించేశాడు. ఉప్పు లేని కూడు తినడం కంటే ఉపవాసం నయమని ఆవిడ రెండు రోజులు కంచం ముందు మూతి ముడుచుకుని కూర్చుంది. అప్పటినుంచి వంట నాదే. మన మిశ్రమం పెట్టుకునే నెట్టుకొస్తున్నాను.

వండటం గురించి ఒక మాట. హోటల్ వాళ్ళు చేసే తప్పేమిటంటే, సాసు ఉడుకుతుంటే దానిమీద డబ్బా బోర్లించి దులుపుతారు. ఆవిరి డబ్బాలోకి పోతుంది, ఆకు గడ్డకడుతుంది. వాళ్ళకి నువ్వే చెప్పు. ముందు అరచేతిలో పోసుకుని రెండో చేత్తో నలపాలి. పొయ్యి సన్నగా పెట్టి, నూనె వెచ్చబడ్డాక అందులో వేసి, ముప్ఫై అంకెలు లెక్కపెట్టి, ఆ తర్వాతే టమాటా పొయ్యాలి. ఆకు మాడితే చేదెక్కుతుంది, నూనె చల్లగా ఉంటే ఆకు గడ్డిలాగే ఉండిపోతుంది. బంగాళాదుంపలు వేయిస్తే మాత్రం చివర్లో చల్లాలి. అక్కయ్య నిన్న దుంపలు తిని "ఉప్పు వేశావేంట్రా?" అని అడిగింది. అంతకంటే మెప్పు ఏం కావాలి?

నీకు తెలియని పనా ఇది? ధైర్యంగా చెయ్యి.

మీ మాస్టారు


మూడో షెడ్డు
జూన్ 28

మాస్టారికి,

మీ మోకాలికి వందనాలు. నాలుగు మెట్లూ రెండు గంటల బస్సు ప్రయాణమూ అది ఒప్పుకోలేదన్నమాట. మేనేజరుగారు కారు పంపుతానన్నారు, ఆ సంగతీ రాశారట మీకు. జవాబు రాలేదన్నారు. నేనేమీ అనడం లేదు.

మీరు రాకపోతే సరుకే మీ దగ్గరికి వస్తుంది. మూడు పొట్లాలు పంపుతున్నాను. ఒకటో నంబరు గోడమీది పాళ్ళ ప్రకారం కలిపింది. రెండో దాంట్లో ఒరెగానో తగ్గించి రోజ్‌మేరీ మెత్తగా దంచి వేశాను, ఎందుకంటే ఈసారి పంట ఒరెగానో ఘాటుగా ఉంది, పళ్ళ కింద మంటలా తగులుతోంది. మూడో దాంట్లో మార్జోరం సగమే వేశాను. వండి, తిని, ఏది బాగుందో ఒక్క ముక్క రాయండి చాలు.

ఆగస్టు నెలాఖరుకి ఆ వంటపెద్ద స్వయంగా వచ్చి రుచి చూస్తాడట. అది ఆఖరి అవకాశం అన్నారు. పెద్దమ్మ రోజూ "మాస్టారు ఏం రాశారే?" అని అడుగుతోంది.

తుమ్ము


మేడమీది గది
జూలై 10

తుమ్ముకి,

అలిగావని అక్షరాలు చూస్తేనే తెలిసింది. ఒత్తులన్నీ కాగితం వెనక్కి దిగాయి.

అక్కయ్య కూతురింటికి వెళ్ళి పదిరోజులైంది, ఇంకో వారానికిగాని రాదు. అందుకని నేనొక్కణ్ణే వండుకుని తిన్నాను. మూడు పొట్లాలూ మూడురోజులు, తీరిగ్గా. సందేహం లేదు, రెండోదే. పొట్లం విప్పగానే మేడంతా ఘుమఘుమలాడింది. ఒరెగానో తగ్గించి మంచిపని చేశావు, రోజ్‌మేరీ కూడా చక్కగా ఒదిగింది. మేనేజరుకి ధైర్యంగా అదే చూపించు. నేను చెప్పానని చెప్పు.

మీ మాస్టారు


మూడో షెడ్డు
జూలై 16

అయ్యా,

ముందుగా మీ కడుపులో ఏమైనా తేడా చేసిందేమో రాయండి. అడగడానికి కారణముంది.

మీ ఉత్తరం రాగానే గదిలో అందరికీ చదివి వినిపించాను. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ ఊపులో రెండో రకం మిగిలింది ఎంతుందో చూద్దామని అలమర తీశాను. రెండో నంబరు పొట్లం అక్కడే ఉంది, కట్టిన దారం కట్టినట్టే. దాని పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టిన సీసా ఖాళీగా ఉంది. ఆ సీసా మీకు గుర్తుండే ఉంటుంది. నేను చేరకముందే, ఆకు పాడైతే ఎలా ఉంటుందో కొత్తవాళ్ళకి చూపించడానికి మీరే దాచారు. నీళ్ళు పడి, బూజు వాసన పట్టి, ముక్కు దగ్గర పెడితే తల తిరిగే సరుకు. పొట్లాలు కట్టిన రోజు హడావుడిలో పప్పులో కాలేశాను. మీకు వచ్చిన రెండో పొట్లం అది.

అది విప్పితే మేడంతా ఘుమఘుమలాడిందా?

నా పొట్లాలు మీరు విప్పనేలేదని అర్థమైంది. మోకాలు బాగోలేదంటే నమ్మాను. వండే ఓపిక లేదంటే అదీ నమ్మేదాన్ని. రుచి చూడకుండా చూశానని రాయాల్సిన అవసరం ఏముంది? రెండేళ్ళు మీరు కళ్ళల్లో వత్తులు వేసుకుని నేర్పించారు. తర్వాత రెండేళ్ళు ప్రతిరోజూ నన్ను పక్కన నిలబెట్టుకుని "నువ్వేమంటావు?" అని పరీక్ష పెట్టారు. ఆ పరీక్షలకి భయపడి నేను కారం తినడం మానేశాను, పౌడరు రాసుకోవడం మానేశాను. ఆ మనిషేనా ఈ ఉత్తరం రాసింది?

ఆరుగురి కూటికి సంబంధించిన విషయం ఇది. ముక్కుసూటిగా అడుగుతున్నాను, మా మీద మీకు అంత నిర్లక్ష్యం ఎందుకు?

ఇట్లు,
కలిపే గది నుంచి


మేడమీది గది
జూలై 25

అమ్మా,

కడుపుకి ఏమీ కాలేదు. రెండోపూట కూడా అదే తిన్నాను, దుంపల మీద వేసుకుని.

పొట్లాలు విప్పలేదని అనుకున్నావు. విప్పాను. నలిపాను, నూనెలో వేశాను, ముప్ఫై లెక్కపెట్టాను, తిన్నాను. నాకు మూడింట్లో ఏ వాసనా తెలియలేదు. నాకు వాసన తెలియక మూడేళ్ళు దాటింది.

ఈ వాక్యం రాయడానికి వారం రోజులు పట్టింది. ఇప్పటిదాకా అక్కయ్యకి తప్ప ఎవరికీ తెలియదు.

ఒకసారి జ్వరంతో మూడువారాలు సెలవు పెట్టాను, గుర్తుందా? జ్వరం తగ్గింది, ముక్కు దిబ్బడ తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. నాలుగు రోజుల్లో వస్తుందిలే అనుకుని పనిలోకి వచ్చాను. ఆ ఉదయం నూనెలో మిశ్రమం వేసి చెంచా నోట్లో పెట్టుకున్నాను. నాలిక మీద కాస్త చేదు, కాస్త జిడ్డు, అంతే. ఆరుగురూ నా మొహం వంక చూస్తున్నారు. నువ్వు పక్కనే ఉన్నావు. చెంచా నీకిచ్చి "నువ్వేమంటావు?" అన్నాను. నువ్వు కళ్ళు మూసుకుని, "రోజ్‌మేరీ ఎక్కువైంది మాస్టారూ, చెక్క నమిలినట్టుంది" అన్నావు. నేను తలూపి రోజ్‌మేరీ తగ్గించమన్నాను. ఆ పెట్టెలు వెనక్కి రాలేదు.

మర్నాడు కూడా అదే చేశాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రెండేళ్ళు గడిపేశాను. ముక్కు మాస్టారని పిలిపించుకున్నవాడు ముక్కు లేదని ఏ మొహంతో చెబుతాడు? నువ్వు పరీక్ష అనుకుని వణికిపోయేదానివి. నువ్వు తప్పు చెబితే తప్పని చెప్పడానికి నాకు దారే లేదు. గోడమీది పాళ్ళు నావని అందరూ అనుకుంటున్నారు. గాజుపలక బిగించడానికి ముందురోజు వాటిని చివరిసారి సవరించింది ఎవరో తలుచుకో. ఆ పాళ్ళు నీ నోటివెంట వచ్చినవి, నేను రాసుకున్నాను. వీడ్కోలు సభలో నా ముక్కు గురించి మేనేజరు పావుగంట మాట్లాడాడు. నువ్వు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టావు. ఆ చప్పుడు నాకింకా వినబడుతూనే ఉంది.

ఆగస్టుకి మీరందరూ గట్టెక్కితే చాలనుకుని, నీకు ధైర్యం చెబితే సరిపోతుందనుకుని ఆ ఉత్తరం రాశాను. మూడింట్లో ఏదో ఒకటి అనాలి కదా అని రెండోది అన్నాను. ఎంత పొరపాటో నువ్వే చూపించావు. ఇదంతా మేనేజరుకి కూడా ఇవాళే రాశాను. పాళ్ళు నీవేనన్న సంగతి కూడా దాచలేదు.

ఇక సరుకు సంగతి. ముక్కు పోయాక నాకు మిగిలింది వేళ్ళూ చెవులూ. వాటితో ఆకు ఎండిందో లేదో చూడటం అలవాటు చేసుకున్నాను. విడిగా ఉంటే బాగుండి, మూత పెట్టాక తడివాసన వస్తోందంటే ఐదింట్లో ఒకటి పూర్తిగా ఎండలేదు. గోనెలో గాలాడుతుంది కాబట్టి బయటపడదు. మూతబడ్డ డబ్బాలో ఆ తేమ మిగతా నాలుగింటికీ పాకుతుంది. ఒక్కో ఆకునీ చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో నలుపు. ఎండినది చిటపటమంటుంది. ఎండనిది మాట్లాడదు, వంగుతుంది. గోనె పైనుంచి కాదు, మధ్యలోంచి తీసి చూడు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావని తెలుసు, అందుకని.

మీ మాస్టారు అని రాసే అర్హత ఉందో లేదో నువ్వే చెప్పాలి.


మూడో షెడ్డు
ఆగస్టు 8

మాస్టారూ,

అలా పిలవాలా వద్దా అని మీలాగే నేనూ వారం రోజులు ఆలోచించాను. వేరే పిలుపు నోటికి రావడం లేదు, కాబట్టి అదే ఉండనివ్వండి.

కోపం తగ్గలేదు. మీరు దాచారని కాదు నా కోపం. నేను తప్పు చేస్తే పట్టుకోవడానికి వెనక మీరున్నారనుకుని రెండేళ్ళు పనిచేశాను. వెనక ఎవరూ లేరని ఇప్పుడు తెలిసింది. రాత్రిపూట మిద్దె అంచున నిద్రలో నడిచానని మెలకువ వచ్చాక ఎవరో చెప్పినట్టుంది నాకు. పడలేదు కదా అని సంతోషించాలో, అసలు నన్నెందుకు లేపలేదని మిమ్మల్ని అడగాలో తెలియడం లేదు.

మీ ఉత్తరం అందినరోజే మేనేజరుగారు నన్ను పిలిచారు. బల్లమీద మీ ఉత్తరం ఉంది. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మరి ఇప్పుడు చెప్పేవాళ్ళెవరు?" అన్నారు. "ఇన్నాళ్ళూ చెప్పిన పిల్లే చెబుతుంది సార్, ఇంకెవరు" అని వెనకనుంచి పెద్దమ్మ అంది. ఆవిడ నా వెనకాలే వచ్చిందని నాకు తెలియదు. జల్లెడ కూడా చేతిలోనే ఉంది.

ఆకుల సంగతి వినండి. ఐదు గోనెలూ మధ్యకి కోసి, చెవి దగ్గర పెట్టుకుని నలిపాం. ఆరుగురం చెవుల దగ్గర చేతులు పెట్టుకుని నిలబడితే, గుమ్మంలోంచి చూసినవాళ్ళు ఏమనుకున్నారో. ఒరెగానో చిటపటమంది. థైమ్, బేసిల్, రోజ్‌మేరీ పలికాయి. మార్జోరం నోరు మెదపలేదు. పైన బెత్తెడు మందం బాగా ఎండింది, లోపలంతా వంగుతోంది. కొత్త తోటవాళ్ళు ఆత్రపడి ముందే మూటకట్టారట. మొత్తం తట్టల్లో పరిచి మళ్ళీ ఆరబెట్టాం. కలిపి మూతపెట్టి ఈరోజుకి ఐదోరోజు. తడివాసన లేదు.

ఇంకా ఒరెగానో ఘాటు మిగిలి ఉంది. గాజుపలక విప్పి పాళ్ళు మార్చాలి. స్క్రూడ్రైవరు పట్టుకుని రెండుసార్లు స్టూలు ఎక్కి దిగాను.

డాక్టరుకి చూపించుకున్నారా? ఒక్కసారైనా?

తుమ్ము


మేడమీది గది
ఆగస్టు 15

తుమ్ముకి,

మార్జోరమని నాకు తట్టలేదు. అది మెత్తని పిల్ల, దానిమీద ఎవరికీ అనుమానం రాదు.

స్టూలు ఎక్కు. మూడోసారి దిగకు.

డాక్టరు దగ్గరికి మొన్న వెళ్ళాను, అక్కయ్య రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది. మోకాలు నిజంగానే నొప్పి అని ఇక్కడైనా నమ్ము. వాసన తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు, రాదని కూడా అనలేనన్నాడు. నాలుగు సీసాల్లో నాలుగు వస్తువులు పెట్టుకుని పొద్దునా సాయంత్రమూ ఒక్కోటీ నిమిషంపాటు వాసన చూడమన్నాడు: నిమ్మతొక్క, లవంగం, కాఫీపొడి, మన థైమ్. ఇంతకాలం ఆగకుండా ముందే రావలసింది అన్నాడు. అదీ నిజమే.

ఇవాళ్టికి మూడోరోజు. ఏమీ లేదు. గోడకి ముక్కు ఆనించినట్టుంది.

మీ మాస్టారు

అమ్మాయీ, నేను వీడి అక్కని. కాగితంలో చోటుంది కదా అని రాస్తున్నాను. వీడు వండిన దానికి నా నాలుకే కాపలా. నేను ఊళ్ళో లేనప్పుడు వీడు బూజు పట్టింది తిని బాగుందని రాశాడని తెలిసి రెండు పూటలు మాట్లాడలేదు. ఉన్న ముక్కు పోయింది గానీ ముక్కుమీద కోపం మాత్రం అలాగే ఉంది వీడికి, సీసాల ముందు కూర్చుని వాటిని తిడుతున్నాడు. నువ్వు ఆ పని బాగా చెయ్యి. ఆ తర్వాత వచ్చి వీణ్ణి నాలుగు మాటలు అను. నేనంటే వినడు.


మూడో షెడ్డు
సెప్టెంబరు 1

మాస్టారూ,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

వంటపెద్ద పదిగంటలకి వచ్చాడు. చెయ్యి తిరిగిన మనిషి, చూపులోనే తెలుస్తుంది. నేను వండుతానంటే వద్దన్నాడు, సంచిలోంచి సొంత మూకుడు తీశాడు. నేను డబ్బా ఇచ్చాను. ఉడుకుతున్న సాసు మీద బోర్లించబోయాడు. నాకు తెలియకుండానే ఆయన చెయ్యి పట్టుకున్నాను. మేనేజరుగారి మొహం పాలిపోయింది. "అరచేతిలో నలపండి, ముందు నూనెలో వెయ్యండి, ముప్ఫై లెక్కపెట్టండి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పొయ్యి ఆపి, ఆ సాసు పక్కన పెట్టి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. పైకే లెక్కపెట్టాడు, చిన్నపిల్లలు ఎక్కాలు చదివినట్టు.

తిన్నాడు. రొట్టెముక్క తెమ్మని, దాంతో మూకుడు తుడుచుకుని తిన్నాడు. తర్వాత గోడవైపు చూశాడు. అక్కడ గాజుపలక లేదు, పాతవి తుడిచి సుద్దతో రాసిన కొత్త అంకెలున్నాయి.

"ఈ పాళ్ళు ఎవరివి?" అని అడిగాడు.

మీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఐదేళ్ళ అలవాటు కదా.

"నావండి" అన్నాను.

ఆయన తలూపి, వెనక్కి పంపిన పెట్టెల మాట ఎత్తకుండా, వచ్చే నెలకి రెట్టింపు సరుకు కావాలన్నాడు. మేనేజరుగారు ఈసారి కూర్చోలేదు, నిలబడే మాట్లాడారు. గది ఉంటుంది. పెద్దమ్మ రొట్టెముక్కలు ఏరుకుని ఆ మూకుడు అంచు తుడుచుకుని తింది, ఆయన చూస్తుండగానే.

ఇంకొక మాట. నెలకి రెండురోజులు మీరు వచ్చి, గోనెలు దిగేటప్పుడు ఆకు ఎండిందో లేదో చూడటం మాకు నేర్పాలి. ఇది మేనేజరుగారి మాట కాదు, నాది. ఆయన ఒప్పుకున్నారంతే. ముక్కు అక్కర్లేదు, చేతులు తెచ్చుకుంటే చాలు. కారు పంపుతాం. మోకాలి వంక ఈసారి చెల్లదు.

కోపం సగానికి వచ్చింది. మిగిలిన సగం ఎదురుగా ఉన్నప్పుడు తీర్చుకుంటాను, అక్కయ్యగారు అడిగారు కూడా.

తుమ్ము


మేడమీది గది
సెప్టెంబరు 7

తుమ్ముకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అక్కయ్యకి చదివి వినిపించాను. "నావండి" అన్నచోట మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

సోమవారం వస్తాను, కారు వద్దు. అక్కయ్య కూడా వస్తానంటోంది, ఆ మూకుడు మనిషి చేసిన సాసు రుచి చూడాలట. ఆవిడకి ఉప్పు వెయ్యకుండా వేరేగా చేసిపెట్టమను.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను. నిన్న పొద్దున సీసాలు వరుసగా చూస్తున్నాను. నిమ్మతొక్క ఏమీ లేదు. కాఫీ లేదు. థైమ్ లేదు. లవంగం దగ్గర ఏదో ఉంది. వాసన అని అనను, మూసిన తలుపు అవతల ఎవరో కదిలినట్టు. పొరపాటేమోనని సీసా మూసి, కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి, వచ్చి మళ్ళీ తీశాను. మళ్ళీ ఉంది. ఇవాళ పొద్దున లేదు. సాయంత్రం మళ్ళీ చూడాలి.

కింద అక్కయ్య కూరగాయలు తరుగుతోంది, చప్పుడు వినబడుతోంది. ఆవిడకి ఇంకా చెప్పలేదు. ముందు నీకు రాస్తున్నాను.

మీ మాస్టారు